చెప్పి రాయించుకునే బొమ్మ

వరంగల్ హైవే మీద భువనగిరి గుట్ట దాటి, ఆలేరు దాటి, జనగామ ఇంకో నాలుగు మైళ్ళుందనగా పెంబర్తి వస్తుంది. బస్సులో కునుకు తీసేవాళ్ళకు ఆ ఊరు వచ్చిందీ తెలియదు, పోయిందీ తెలియదు. కారు ఆపి దిగినవాళ్ళకు మాత్రం కళ్ళకంటే ముందు చెవులకు తెలుస్తుంది. ఇళ్ళ ముందరి రేకుల షెడ్లలోంచి చిన్న సుత్తుల చప్పుడు, ఒకదానికొకటి తాళం కలవకుండా, టకటకమని వస్తూనే ఉంటుంది.

ఆ ఆదివారం అక్కడ దిగినవాళ్ళు ఇద్దరు. హైదరాబాద్‌లో కొత్తగా ఫ్లాటు కొనుక్కున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఒకామె, తెలుగు పండితుడిగా రిటైరైన ఆమె మేనమామ. ఫ్లాటు హాల్లో పెద్ద గోడ ఒకటి ఖాళీగా ఉంది. దాని మీదికి మనవాళ్ళ పనితనమే ఏదైనా కావాలని ఆమె పట్టు. ఆన్‌లైన్‌లో వెతికితే చేర్యాల బొమ్మలని, పెంబర్తి ఇత్తడని బోలెడు దొరికాయి. ఒకే బొమ్మ అయిదారు సైజుల్లో, అయిదారు ధరల్లో ఉంది. కొరియర్ ఎన్ని రోజుల్లో వస్తుందో ఉంది. రాసిందెవరో, కొట్టిందెవరో మాత్రం ఎక్కడా లేదు.

"ఎవరు చేసిన్రో తెల్వకుంట కొనుడెందుకు బిడ్డా, రెండు గంటల తొవ్వ గదా, పోయి సూద్దాం పా" అని మామయ్యే బయల్దేరదీశాడు.

పెంబర్తిది రేకు పని. మూసలో పోసే విగ్రహాల పని వేరు, ఇది వేరు. పలచని ఇత్తడి రేకు మీద బొమ్మ గీసుకుని, దాన్ని లక్కలా కరిగి గట్టిపడే ముద్ద మీద అతికిస్తారు. వేడికి మెత్తబడే ఆ ముద్ద చల్లారాక రేకును కదలకుండా పట్టుకుంటుంది. అయినా ఉలి దెబ్బకు లోపలికి దిగేంత మెత్తదనం దానిలో మిగిలే ఉంటుంది. వెనకనుంచి కొడితే ముందువైపు ఉబ్బుతుంది. మళ్ళీ వేడిచేసి, ఊడదీసి, తిరగేసి అతికించి, ఈసారి ముందువైపునుంచి కళ్ళు, నగలు, కిరీటంలో పువ్వులు దిద్దుతారు. మకరతోరణం నడిమి సింహపు మొహం ఒక్కటి తేలడానికే ఈ తిరగేయడం ఎన్నిసార్లో. పని చేస్తున్న ఆచారి పక్కన రకరకాల మొనల ఉలులు గుప్పెడు పడి ఉన్నాయి. ఏది కావాలన్నా ఆయన చూడకుండానే చేయి దాని మీదికి పోతోంది.

కొనుక్కుని సంచిలో వేసుకుపోయే సరుకు అక్కడ తక్కువే. షెడ్డులో ఉన్నవన్నీ ఎవరెవరివో. ఒక ఊరి గుడి ధ్వజస్తంభానికి తొడుగు, ఇంకో ఊరి అమ్మవారికి మకరతోరణం, మరో గర్భగుడి తలుపులకు రేకులు. గుడి కమిటీవాళ్ళు వచ్చి కొలతలిచ్చి, బయానా ఇచ్చి పోతారు. ఆ తర్వాతే రేకు తెగుతుంది. కాకతీయుల నాటి గుళ్ళతో మొదలైందని చెప్పుకునే ఈ పని నిజాం కాలంలో పాన్‌దాన్లు, అత్తరుదాన్ల వైపు తిరిగింది. ఆ కాలపు దివాన్‌ఖానాలు పోయాక చల్లబడింది. మళ్ళీ గుళ్ళ పుణ్యమా అని కోలుకుంది. సన్మాన సభల్లో శాలువాతోపాటు చేతిలో పెట్టే షీల్డులు కూడా కొంత ఆదుకున్నాయి. సన్మానాల మీద మనం ఎన్ని జోకులేసుకున్నా, ఆ షీల్డు ఇక్కడిదైతే ఎవరో ఒకరికి ఆ పూట పని దొరికినట్టే. 2023లో కేంద్ర పర్యాటక శాఖ ఎంపిక చేసిన ఉత్తమ పర్యాటక గ్రామాల్లో పెంబర్తి కూడా ఉంది. మంచిదే. కానీ ఆ ఊరి పనిని ఇన్నాళ్ళు నిలబెట్టింది చూడ్డానికి వచ్చినవాళ్ళు కాదు, కొలతలు పట్టుకొచ్చినవాళ్ళు.

జనగామలో టీ తాగి సిద్దిపేట రోడ్డు పట్టుకుంటే అరగంట దాటీదాటకముందే చేర్యాల. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండేది, 2016లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది. మామూలు మండల కేంద్రమే. ఎరువుల దుకాణాలు, మొబైల్ షాపులు, మిర్చి బజ్జీల బండ్లు. ఊరి పేరు దేశదేశాలు తిరిగింది గానీ, బొమ్మలు రాసే నకాషీ కుటుంబాలు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. వాటిలోనూ కొన్ని హైదరాబాద్ చేరాయి. ఈ కళ గురించి ఎవరు మాట్లాడినా ధనాలకోట అనే ఇంటిపేరు రాకుండా పోదు. జాతీయ అవార్డు అందుకున్న ధనాలకోట వైకుంఠం ఆ ఇంటిపేరువారే.

మేనమామ, మేనకోడలు వెళ్ళిన ఇంటి ముందు గదిలో బొమ్మకంటే ముందు గుడ్డ కనిపించింది. నాలుగు వైపులా బిగించి కట్టిన ఖద్దరు గుడ్డ మీద ఇంటామె పూత పూస్తోంది. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడకబెట్టిన అంబలి. అందులో తెల్ల సుద్ద, తుమ్మబంక. ఒక పూత ఆరాక ఇంకొకటి, అది ఆరాక మరొకటి. మూడోది ఆరేసరికి గుడ్డకు బిగువొస్తుంది, అయినా చుట్టచుడితే పగలదు. అసలు కిటుకంతా అక్కడే ఉంది. పూత పలచనైతే రంగు గుడ్డలోకి దిగిపోతుంది. మరీ మందమైతే చుట్టి విప్పినప్పుడల్లా పెచ్చులూడుతుంది. ముసురు పట్టిందంటే పూత ఆరదు, పని ఆగుతుంది. బొమ్మ ధర అడిగేవాళ్ళెవరూ ఈ గుడ్డ పనిని లెక్కలోకి తీసుకోరని ఆమె నవ్వుతూనే అంది. అంటూనే గిన్నెలో అంబలి గడ్డకట్టకుండా కలుపుతోంది.

లోపలి గదిలో ఆమె భర్త నేల మీద గుడ్డ పరుచుకుని కూర్చున్నాడు. పెన్సిలు లేదు, స్కేలు లేదు. కుంచెతోనే నేరుగా మనుషుల్ని నిలబెట్టుకుంటూ పోతున్నాడు. గీత అయ్యాక ముందు వెనకంతా ఎర్ర రంగు నింపుతారు. చేర్యాల బొమ్మను దూరంనుంచే పట్టిచ్చేది ఆ ఎరుపే. తర్వాత ఒంటి రంగులు. పాత్రను బట్టి ఒకరికి నీలం, ఒకరికి పసుపు, ఒకరికి చామన. ఆపైన బట్టలు, నగలు. చిట్టచివర సన్నని నల్ల గీత. అంతవరకూ రంగు మచ్చల్లా ఉన్న మొహాలకు కనుబొమ్మ, ముక్కుపుల్ల, మీసం వచ్చేది అప్పుడే. ఆ గీత వేయబోయే ముందు ఆయన కుంచె మొనను ప్రతిసారీ ఎడమ బొటనవేలి గోటి మీద ఒకసారి గీసి చూసుకుంటున్నాడు. గోరంతా నల్లగా ఉంది.

పాత నకాషీలు ఎరుపుకు ఇంగిలీకం, పసుపుకు హరిదళం, నలుపుకు దీపపు మసి, తెలుపుకు శంఖం పొడి వాడేవారు. ఇప్పుడు చాలా బొమ్మలు బజారులో దొరికే డబ్బా రంగులతోనే. దుకాణాల్లో వేలాడే బొమ్మలకు 'సహజ రంగులు' అన్న చీటీ ఉండొచ్చు గనక, కొనేవాళ్ళు ఆ మాట రాసినవాళ్ళనే అడగడం మేలు. అడిగితే దాపరికం లేకుండా చెప్పేస్తారు. డబ్బా రంగు వాడినంత మాత్రాన గీత చిన్నబోదు. పాత రంగులే కావాలంటే రోజులూ డబ్బూ ఎక్కువవుతాయి, అంతే.

ఇంతకీ ఈ పటాలు మొదట ఎవరి కోసం? గోడకు తగిలించుకునేవాళ్ళ కోసం మాత్రం కాదు. తెలంగాణలో చాలా కులాలకు తమ కథ చెప్పే ఆశ్రిత కులాలున్నాయి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్ళు, గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందెచ్చులవాళ్ళు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవాళ్ళు, మాదిగలకు జాంబ పురాణం చెప్పే డక్కలివాళ్ళు. చాకళ్ళకు మడేలు పురాణం, గౌడులకు గౌడ పురాణం. ఈ కథకులకు ఏయే ఊళ్ళలో ఎవరు చెప్పుకోవాలో వంశపారంపర్యంగా హక్కులున్నాయి. పటం లేనిదే కథ లేదు. మూడడుగుల వెడల్పు, అరవై అడుగుల దాకా పొడవు ఉండే చుట్టను కర్రలకు వేలాడదీసి, ఒక్కొక్క బొమ్మనే కిందికి వదులుతూ రాత్రంతా కథ నడిపేవారు. మందెచ్చులవాళ్ళకైతే పటానికి బదులు రంగులేసిన బొమ్మలు. అవి చేసిందీ నకాషీలే.

కథకుడు వచ్చి ఏ కథ, ఎన్ని మూరలు, ఎక్కడ ఏ ఘట్టం అని చెప్పి రాయించుకునేవాడు. కథ తప్పితే పటం పనికిరాదు గనక రాసేవాడికి కథకుడితో సమానంగా పురాణం తెలిసి ఉండాల్సిందే. రెండు మూడు తరాలు వాడి, చిరిగి, మాసిపోయిన పటాన్ని పారేసేవారు కాదు. పూజ చేసి నదిలో కలిపేవారు. మళ్ళీ కొత్తది రాయించుకునేవారు. పాతది నీళ్ళలోకి పోవడమే రాసేవాడి ఇంట్లో పొయ్యి వెలిగించేది.

సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, ఊళ్ళలో కథ వినేవాళ్ళు తగ్గారు. కథకుడి కొడుకు ఆటో నడపడానికో, కూలికో పోయాడు. ఉన్న పటాన్నే అతుకులేసుకుని వాడుకున్నారు తప్ప కొత్తది రాయించే శక్తి ఎవరికీ లేకపోయింది. సరిగ్గా ఆ సందులో ఇంకో రకం మనిషి ప్రవేశించాడు. సేకర్త.

ఆ మాట వస్తే హైదరాబాద్‌లో మొదట చెప్పుకోవాల్సిన పేరు జగదీశ్ మిత్తల్. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకున్న చిత్రకారుడు. 1950ల మొదట్లో హైదరాబాద్ వచ్చి, బద్రీవిశాల్ పిత్తి నడిపిన 'కల్పన' హిందీ పత్రికకు బొమ్మలు చూసుకుంటూ ఇక్కడే ఉండిపోయారు. ఆయనా, భార్య కమలా జాగీర్దార్లు కారు, మిల్లు యజమానులు కారు. అయినా దక్కన్ సూక్ష్మచిత్రాలనుంచి బిద్రీ పనిదాకా, నేతబట్టలనుంచి తెలంగాణ పటాలదాకా రెండు వేలకు పైగా వస్తువులు పోగుచేసి, 1976లో వాటిని తమ సొత్తుగా ఉంచుకోకుండా ట్రస్టు మ్యూజియంగా మార్చారు. పటాల మీద ఆయన ఒక పుస్తకమే తెచ్చారు. 2025 జనవరిలో, 99 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. అలాగే ఆచార్య జయధీర్ తిరుమలరావు ఊరూరా తిరిగి కూడబెట్టిన జానపద, ఆదివాసీ వాద్యాలు, కళాఖండాలు 'ఆద్యకళ' అన్న పేరుతో నిలిచాయి. ఇలాంటివాళ్ళు లేకపోతే నదిలో కలవాల్సినవి నదిలో కలిసేవి, మిగతావి చెదలపాలయ్యేవి.

అయితే దీనికి రెండో వైపు ఉంది. పాత పటం చేతులు మారినప్పుడు డబ్బు కథకుడికో, మధ్యవర్తికో పోతుంది. ఆ క్షణాన చేర్యాలలో కుంచె పట్టుకు కూర్చున్నవాడికి అందులో పైసా రాదు. పైగా పాతదాని వెంట చట్టం కూడా వస్తుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కళాఖండాన్ని దేశం దాటించకూడదు. డాలస్‌లో ఉన్న కొడుకింటికి తీసుకుపోదామని పాత పటం కోసం వెతికే అమ్మానాన్నలు ఈ సంగతి తెలుసుకుంటే మంచిది. పోయిన నెలలో రాసినదానికి ఆ గొడవే లేదు, సూట్‌కేసులో చుట్టుకుపోవచ్చు. అందుకే మన కాలపు పనిని, బతికున్న మనిషి దగ్గర కొనడం మ్యూజియం అంత గొప్పగా కనిపించకపోయినా, బొమ్మ రాసే ఇంటికి అక్కరకొచ్చేది అదే.

ఆ ఇంట్లో అల్మారా నిండా చిన్న సరుకే. జంట మాస్కులు, కీచైన్లు, పెన్నుల డబ్బాలు, అరచేతి వెడల్పు చట్రాల్లో బతుకమ్మ ఆడే ఆడవాళ్ళు, కల్లు గీసే గౌడు, రోకలితో దంచే అవ్వ. మాస్కులకు కొబ్బరి చిప్పే ఆధారం. దాని మీద చింతగింజల ముద్దలో రంపపు పొట్టు కలిపి ముక్కు, పెదవులు, చెవులు తీర్చి, ఎండాక సుద్ద పూసి రంగులేస్తారు. 2020లో కరోనా వచ్చినప్పుడు గుడ్డ మాస్కుల మీద కూడా చేర్యాల మొహాలు వెలిశాయి. వీటిని చూసి పెదవి విరిచే పెద్దమనుషులున్నారు. విరవనక్కర్లేదు. ఇంటి ఖర్చు గడిపేది కీచైనే. కానీ అరవై అడుగుల కథను ఘట్టాలుగా విడగొట్టి, ఏ బొమ్మ ఎంత జాగా తీసుకోవాలో ఒక్క చూపులో తేల్చే నేర్పు కీచైన్ మీద రాదు. దాన్ని ఎవరైనా అడగాలి. అడిగేవాళ్ళు లేకపోతే తర్వాతి తరానికి ఆ నేర్పు అందదు, ఎన్ని శిక్షణ శిబిరాలు పెట్టినా సరే.

కొనేవాళ్ళు ఏం అడిగారన్నదాన్ని బట్టే ఒక్కో చోట కథ ఒక్కో దారి పట్టింది. శ్రీకాళహస్తిలో గుడి తెరల మీద కలంకారీ రాసే చేతులు దాదాపు ఆగిపోయిన సమయంలో కమలాదేవి చట్టోపాధ్యాయ పట్టుబట్టారు. 1957లో అక్కడ శిక్షణ కేంద్రం వెలిసింది, జొన్నలగడ్డ లక్ష్మయ్య గురువయ్యారు. అదే ఇంటిపేరున్న గురప్పచెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఇవాళ కలంకారీ ప్రధానంగా చీర, దుపట్టా. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట ప్రదర్శనలు తగ్గిపోతే, మేకతోలు మీద చిల్లులు కొట్టే అదే పనితనం దీపపు గొడుగుల్లోకి చేరింది. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో సి.వి. రాజు రసాయన రంగుల్ని పక్కనపెట్టి, జాఫ్రా గింజలు, పసుపు, నీలిమందుతో లక్కకు రంగులద్దడం మళ్ళీ పట్టాలెక్కించారు. పిల్లలు నోట్లో పెట్టుకున్నా భయంలేని బొమ్మ కావాలని కొనేవాళ్ళు అడిగితే ఇవ్వగలిగిన ఊరు అదైంది. ఆయనకు 2023లో పద్మశ్రీ. ఈ మూడు చోట్లా పని మారింది, మనుషులు మిగిలారు. కొత్త సరుకు రావడంతో పాత రూపం చెడిందని వాపోయేవాళ్ళు ఆ ఊళ్ళలో ఒక పూట కూర్చుని వస్తే బాగుంటుంది.

ప్రభుత్వం ఏం చేస్తోందంటే, చేస్తోంది. చేర్యాలకూ పెంబర్తికీ భౌగోళిక గుర్తింపు ఉంది. కానీ ఆ గుర్తింపు ఊరిని కాపాడుతుంది, మనిషి పేరు చెప్పదు. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. సంప్రదాయ బొమ్మలు, ఆటవస్తువులు చేసేవాళ్ళు ఉన్నారు, పటం రాసేవాళ్ళు లేరు. అంటే అదే మనిషి కొబ్బరి చిప్పకు ముక్కు పెడితే ఒక లెక్క, గుడ్డ మీద మార్కండేయుణ్ణి రాస్తే ఇంకో లెక్క అన్నమాట. దుకాణాలవాళ్ళలో చాలామంది సరుకు ఇప్పుడు తీసుకుని అమ్ముడుపోయాక డబ్బిచ్చే పద్ధతి పెట్టుకున్నారు. ఆరు నెలలు గాజు బీరువాలో కూర్చున్న బొమ్మ మీద పెట్టుబడి రాసినవాడిదే. మేళాల్లో స్టాలు దొరికితే నేరుగా అమ్ముకోవచ్చు, కానీ పదిరోజులు ఊరు విడిచి కూర్చుంటే ఇక్కడ గుడ్డకు పూత పూసేదెవరు?

ఇదంతా మాటల్లో తెలిశాక మేనకోడలు అల్మారా వైపు చూడ్డం మానేసింది. గోడ కొలత చెప్పింది. పన్నెండడుగుల అడ్డం. ఇంటాయన తల అడ్డంగా ఊపాడు. పటం నిలువుగా వేలాడేది, అడ్డం రాస్తే కథ నడక పోతుందన్నాడు. మామయ్య మధ్యలో పడి మార్కండేయ పురాణమే రాయించమన్నాడు. వాళ్ళది పద్మశాలీల ఇల్లు. ఆయన చిన్నప్పుడు ఊళ్ళోకి కూనపులివాళ్ళు వచ్చేవారు. భావనాఋషి తామర తూళ్ళ దారంతో మొదటి బట్ట నేయడం, పులి మీద ఎక్కి తిరగడం ఆయనకు ఇంకా కళ్ళకు కట్టినట్టే ఉంది. ఆమెకు మాత్రం తన నాయనమ్మ కావాలి. గుంటమగ్గం దగ్గర కండెలు చుట్టిన మనిషి, నేతకు గిరాకీ పడిపోయాక మగనితో భివండి పోయి మరమగ్గాల షెడ్ల పక్క ఇరుకు గదిలో పదేళ్ళు వండి పెట్టిన మనిషి.

రెండూ ఒకే పటమైంది. పైన ఆనవాయితీగా వినాయకుడు. కింద భావనాఋషి, పులి, తామర. ఆ కింద గుంటమగ్గం. ఆ కింద రైలు. రైలు ఎట్లా రాస్తారని ఆమెకు సందేహం. ఆమె ఫోన్లో చూపించిన భివండి షెడ్డు ఫొటోను ఆయన ఒక్క నిమిషం చూసి తిరిగిచ్చేశాడు. ఫొటోలోలా ఇల్లు వెనక్కి పోతూ కనిపించడం ఈ బొమ్మలో కుదరదు, అన్నీ ఎదురుగానే నిలబడాలి. షెడ్డుకు నాలుగు స్తంభాలు, పైన ఒక గీత, లోపల మగ్గం పక్కనుంచి కనిపిస్తుంది. రైలుకు కిటికీలు, ఒక్కో కిటికీలో ఒక్కో మొహం. ఆ మొహాల్లో అవ్వ ఏదో ఎట్లా తెలుస్తుందంటే, ఆమెను మిగతావాళ్ళకంటే కాస్త పెద్దగా రాస్తానన్నాడు. కథలో ముఖ్యమైన మనిషి పటంలో పెద్దగా ఉంటుంది, అంతే. నిలువు పటం సమస్యకు ఇంటామె ఉపాయం చెప్పింది. కింది కొసను కర్రకు చుట్టి ఉంచి, ఒకసారికి రెండు ఘట్టాలే కనిపించేలా వేలాడదీసి, మనసైనప్పుడు విప్పుకోవడం. కథకులు చేసిందీ అదే కదా.

ధర దగ్గర మామయ్య అలవాటుగా బేరం మొదలుపెట్టాడు. మేనకోడలు "ఊకో మామా" అంది. ఆయన ఊకున్నాడు. సగం బయానా, గడువు దసరా. తొందరపెట్టి ముందే ఇమ్మని ఆమె అడగలేదు. పటం వెనక ఇద్దరి పేర్లూ రాయాలని అడిగింది. గుడ్డకు పూత పూసినామె పేరు కూడా. ఇంటామె ఒద్దొద్దంటూ లోపలికి పోయింది గానీ, ఇంటాయన సరే అని పుస్తకంలో రాసుకున్నాడు. పటం వచ్చాక ఎట్లా చూసుకోవాలో కూడా చెప్పి పంపారు. ఎండ నేరుగా పడే గోడ వద్దు, తడి గోడ అసలే వద్దు. లామినేషన్ చేయించొద్దు. తడిగుడ్డతో తుడవొద్దు. చింతగింజల పూత అంటే పురుగులకు ఇష్టం గనక ఏడాదికి రెండుసార్లు విప్పి నీడన గాలికి ఆరబెట్టాలి. మడత పెట్టకూడదు, చుట్టాలి, అదీ బొమ్మ బయటికి ఉండేలా.

వచ్చిన దారినే పోకుండా సిద్దిపేట వైపు సాగితే కొద్ది దూరంలో కొమురవెల్లి. గుట్ట మీద మల్లన్న, అటూ ఇటూ గొల్ల కేతమ్మ, బలిజ మేడలమ్మ. సంక్రాంతినుంచి ఉగాది దాకా ఆదివారాలు జాతర. ఆ రోజుల్లో కాలు పెట్టే సందుండదు. మిగతా రోజుల్లో కూడా మొక్కున్నవాళ్ళు వచ్చి పట్నమనే రంగుల ముగ్గు వేయిస్తారు. ఆ మధ్యాహ్నం మండపంలో ఒగ్గు పూజారి పసుపు, కుంకుమ, తెల్లపిండి, ఆకుపచ్చ పొడితో నేల మీద పట్నం వేస్తున్నాడు. వేళ్ళ సందునుంచి పొడి జారుతుంటే గీత ఎక్కడా తెగడం లేదు. చేర్యాల కుంచెకు ఏమాత్రం తీసిపోని చేయి. గంటసేపు వేసినదాన్ని ఒగ్గు కథ అయ్యాక మొక్కు తీర్చుకునేవాళ్ళు కాళ్ళతో తొక్కి చెరిపేస్తారు. శివరాత్రికి వేసే పెద్దపట్నానిదీ అదే గతి. ఏ మ్యూజియమూ దీన్ని సేకరించలేదు. వేయించేవాళ్ళు ఉన్నంతకాలం మాత్రం ఉంటుంది. మామయ్య మొక్కేమీ లేకుండానే సంభావన పళ్ళెంలో వేసి వచ్చాడు.

రాజీవ్ రహదారి ఎక్కి ప్రజ్ఞాపూర్ దగ్గర భోజనానికి ఆగినప్పుడు చేర్యాలనుంచి ఫోన్. ఆమె స్పీకర్ నొక్కింది.

"మేడం, అవ్వ చీర రంగు యాదికున్నదా? గీత మొదలువెడుతున్న."

ఆమెకు తెలియదు. ఉన్నది ఒకే ఒక్క ఫొటో, అదీ నలుపు తెలుపుల్లో. మామయ్య చేయి కడుక్కుంటూనే అందుకున్నాడు. నీలి చీర, ఎర్రంచు, భివండి పోయేటప్పుడు కట్టింది అదేనని చెప్పాడు. అవతల కాసేపు లెక్కలేసుకుంటున్న చప్పుడు. వెనకంతా ఎరుపే గనక అంచు ఎర్రగా ఉంటే కనిపించదట. పసుపు అంచు పెట్టుకోవచ్చా అని అడిగాడు.

మామయ్య మేనకోడలి మొహం చూశాడు. ఆమె పెట్టమంది. అంచు మీద చిన్న బుటా ఒకటి ఉండేదని, అది మాత్రం మరిచిపోవద్దని మామయ్య చెబుతుండగానే సిగ్నల్ పోయింది. మళ్ళీ చేసి చెప్పాడు.